స్టూడెంట్ లోన్ ఉన్నప్పుడు ట్రస్టీని ఎంచుకోవడం: ముందు తేదీ, తర్వాతే ఫీజు

కెనడాలో స్టూడెంట్ లోన్ కట్టలేక దివాలా దాకా వచ్చినవాళ్లు ట్రస్టీని (దివాలా కేసు నడిపే లైసెన్స్ ఉన్న మనిషిని) వెతికేటప్పుడు సాధారణంగా రెండే చూస్తారు: ఆఫీసు దగ్గరలో ఉందా, ఫీజు తక్కువా. ఫీజులు ఎలాగూ ప్రభుత్వ నిబంధనల ప్రకారమే నడుస్తాయి. మీటింగులు చాలావరకు వీడియో కాల్‌లోనే అయిపోతున్నాయి. అసలు చూడాల్సింది, మీరు చదువు ఎప్పుడు ఆపారని ఆయన ఎంత పట్టుబట్టి అడుగుతున్నాడన్నది.

ఎందుకంటే బ్యాంక్రప్సీ అండ్ ఇన్సాల్వెన్సీ యాక్ట్‌లో 178(1)(జి) అనే క్లాజు ఉంది. మీరు విద్యార్థిగా ఉన్నప్పుడు గానీ, చదువు ఆపిన 7 ఏళ్లలోపు గానీ దివాలా ఫైల్ చేస్తే మిగతా మామూలు అప్పులు పోతాయి, ప్రభుత్వ స్టూడెంట్ లోన్ మాత్రం పోదు. డిశ్చార్జ్ (దివాలా ముగిసి అప్పుల నుంచి విడుదల) అయ్యాక కూడా అది మీ నెత్తినే ఉంటుంది. 1997కి ముందు ఈ అడ్డంకి లేదు. ఆ ఏడాది 2 ఏళ్ల గడువు పెట్టారు, 1998లో దాన్ని 10కి పెంచారు, 2008లో 7కి దించారు. అందుకే పాత సలహాలు నమ్మకూడదు. "పదేళ్లు ఆగాలట" అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు.

లెక్క ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే ఎక్కువ కేసులు దెబ్బతింటాయి. లోన్ తీసుకున్న తేదీ కాదు, పట్టా చేతికొచ్చిన రోజూ కాదు, కట్టడం మొదలైన నెలా కాదు. ఫుల్‌టైమ్ గానీ పార్ట్‌టైమ్ గానీ విద్యార్థిగా ఉండటం మానేసిన తేదీ అది. డిగ్రీ లోన్లతో చేసి, నాలుగేళ్ల తర్వాత సొంత డబ్బుతో పార్ట్‌టైమ్ మాస్టర్స్ చేసినవాళ్ల సంగతేమిటన్నదానిపై కోర్టులు చాలాకాలం రెండు రకాలుగా తీర్పులిచ్చాయి. ఒక్కో చదువుకి ఒక్కో తేదీ అన్నది ఒక వాదన, చివరిసారి చదువు ఆపిన ఒక్క తేదీయే అన్నది రెండోది. 2025 ఏప్రిల్‌లో పీకట్ కేసులో కెనడా సుప్రీం కోర్టు రెండోదాన్నే ఖాయం చేసింది. అంటే మధ్యలో మళ్లీ కాలేజీలో చేరితే, పాత లోన్ల 7 ఏళ్లు కూడా మళ్లీ మొదటికొస్తాయి.

ట్రస్టీని అంచనా వేయడానికి దీనికి మించిన ప్రశ్న లేదు: "2012లో డిగ్రీ అయింది, 2020లో ఒక పార్ట్‌టైమ్ కోర్సు చేశాను, నా తేదీ ఏది?" అని అడగండి. పనితెలిసినవాడు వెంటనే సంవత్సరం చెప్పడు. ఆ కోర్సు ఏ సంస్థలో, ఎన్ని క్రెడిట్లు, పూర్తిచేశారా మధ్యలో మానేశారా, ఆ చట్టం దృష్టిలో మీరు అప్పుడు విద్యార్థేనా అని తిరిగి అడుగుతాడు. తర్వాత నేషనల్ స్టూడెంట్ లోన్స్ సర్వీస్ సెంటర్ రికార్డులో మీ ఎండ్ ఆఫ్ స్టడీ (చదువు ముగిసిన) తేదీ ఏముందో కాగితం మీద తెప్పించుకోమంటాడు. ప్రావిన్స్ లోన్ విడిగా ఉంటే ఆ ఆఫీసు నుంచి కూడా. కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌తో అది సరిపోలకపోతే ఫైల్ చేయకముందే తేల్చుకోవాలి. కొలమానం ఫైల్ చేసిన తేదీయే, డిశ్చార్జ్ తేదీ కాదు. 6 ఏళ్ల 11 నెలల దగ్గర సంతకం పెడితే, తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఆ ఫైలింగ్‌తో లోన్ రద్దు కాదు. "నాకు గుర్తున్నంతలో మే నెల" అన్న మాట మీదే ఫారాలు నింపేసే ఆఫీసు నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

ఇంకో సంగతి, చదువుకోసం చేసిన ప్రతి అప్పూ ఈ క్లాజు కిందికి రాదు. అది ఫెడరల్, ప్రావిన్స్ ప్రభుత్వాల స్టూడెంట్ లోన్లకి, అప్రెంటిస్ లోన్లకి మాత్రమే. బ్యాంకు ఇచ్చిన స్టూడెంట్ లైన్ ఆఫ్ క్రెడిట్ (హద్దు మేరకు వాడుకునే అప్పు) కూడా క్రెడిట్ కార్డు బాకీ లాంటి మామూలు అప్పే, 7 ఏళ్ల గడువు దానికి లేదు. యూనివర్సిటీకి నేరుగా బాకీపడ్డ ఫీజు కూడా అంతే. కానీ లైన్ ఆఫ్ క్రెడిట్‌కి అమ్మానాన్నలు కో-సైన్ చేసి ఉంటే, మీ దివాలా వాళ్లని విడిపించదు. బ్యాంకు మర్నాడే వాళ్ల మీద పడుతుంది. కాబట్టి మొదటి మీటింగ్‌లోనే మీ అప్పులని ఈ రకాలుగా విడదీసి రాసుకోని ట్రస్టీ చెప్పే లెక్కలో పస ఉండదు.

గడువు ఇంకా రాకపోతే దారి మూసుకుపోయినట్టేం కాదు. కన్స్యూమర్ ప్రపోజల్ అనేది ఉంది: ఇంటి మార్టగేజ్ కాకుండా అప్పులు 2,50,000 డాలర్లలోపు ఉంటే, కొంత మొత్తాన్ని గరిష్ఠంగా 5 ఏళ్లలో కడతామని ప్రతిపాదించడం. అప్పిచ్చినవాళ్లకి 45 రోజుల సమయం ఉంటుంది, ఓట్లు డాలర్ల లెక్కన పడతాయి. 7 ఏళ్లలోపు స్టూడెంట్ లోన్‌ని ఇది రద్దు చేయాలంటే, ప్రపోజల్‌లో ఆ మాట స్పష్టంగా ఉండి, ఆ లోన్ ఇచ్చిన ప్రభుత్వమూ దానికి అనుకూలంగా ఓటెయ్యాలి. దానిమీద ఆశ పెట్టుకోకండి. అయితే కార్డుల అప్పు తగ్గితే చేతిలో మిగిలే డబ్బుతో లోన్ కట్టుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. మీ మొత్తం అప్పులో సగానికి పైగా ప్రభుత్వ లోనే అయితే, ఓటింగ్ జరిగినప్పుడు మాట వాళ్లదే. వాళ్లు కాదంటే కార్డుల సంగతి కూడా ఆగిపోతుంది. "ఈ ప్రపోజల్‌లో ఎవరి ఓటు ఎంత?" అని అడగండి, అంకెలతో జవాబు రావాలి.

చదువు ఆపి 5 ఏళ్లు దాటితే అదే చట్టంలోని 178(1.1) కింద కోర్టుకి వెళ్లి కష్టాల ప్రాతిపదికన మినహాయింపు కోరవచ్చు. లోన్ విషయంలో నిజాయితీగా నడుచుకున్నారని, ఇప్పుడూ ఇకముందూ కట్టలేని స్థితి అని రెండూ రుజువు చేయాలి. చదువుకోసం తీసుకున్న డబ్బు చదువుకే వాడారా, కట్టడానికి ప్రయత్నించారా, అందుబాటులో ఉన్న వెసులుబాట్లు వాడుకున్నారా అని జడ్జి చూస్తారు. ఈ దరఖాస్తు సాధారణంగా మీరో మీ లాయరో వేయాల్సిందే. ట్రస్టీ మీ లాయర్ కాడు. ఆయన కోర్టు అధికారి, మీకూ అప్పిచ్చినవాళ్లకీ ఇద్దరికీ జవాబుదారీ. ఆయనకి చెప్పిన మాట లాయర్‌తో చెప్పుకున్న మాటలా గుట్టుగా ఉండదు.

జడ్జి చూసే ఆ వెసులుబాట్లలో ముఖ్యమైనది రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్, అంటే ఆదాయాన్ని బట్టి లోన్ వాయిదా తగ్గించే ప్రభుత్వ పథకం. 2022 నవంబరులో నిబంధనలు మార్చినప్పుడు, ఏడాదికి 40,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఒంటరి వ్యక్తి ఏమీ కట్టనక్కర్లేదని పెట్టారు. కుటుంబం పెద్దదైతే ఆ హద్దూ పెరుగుతుంది. తాజా పట్టిక చూసుకోండి. కట్టాల్సివచ్చినా కుటుంబ ఆదాయంలో 10 శాతానికి మించదు. 6 నెలలకోసారి మళ్లీ దరఖాస్తు పెట్టాలి, మరిచిపోతే మామూలు వాయిదాలు మొదలవుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ లోన్ల మీద వడ్డీ కూడా లేదు (కొన్ని ప్రావిన్సులు తమ వాటా మీద ఇంకా వేస్తున్నాయి). కాబట్టి అప్పంతా ఫెడరల్ లోనే అయి, గడువుకి ఏడాది ఉంటే, చాలాసార్లు సరైన సలహా "ఇప్పుడు ఫైల్ చేయొద్దు" అన్నదే. ఆ మాట చెప్పగలిగిన ట్రస్టీనే ఎంచుకోవాలి. కార్డు కంపెనీ జీతం మీద గార్నిషీ (జీతంలోంచి నేరుగా కోత పెట్టే ఆర్డరు) తెచ్చేస్తే మాత్రం ఆగడం కుదరకపోవచ్చు. అప్పుడు ఫైల్ చేయడానికీ ఆగడానికీ రెండింటికీ లెక్కలు పక్కపక్కన వేయించుకోండి.

ఇక డబ్బు. మామూలు చిన్న దివాలాలో ట్రస్టీకి ఎస్టేట్‌లో (మీ వాయిదాలూ ఆస్తీ కలిసిన నిధిలో) పోగైన మొదటి 975 డాలర్లు మొత్తం, అక్కణ్నుంచి 2,000 దాకా 35 శాతం, ఆపైన 50 శాతం వస్తుంది. ప్రపోజల్‌లో ఫైల్ చేసినప్పుడు 750, ఆమోదం పొందాక 750, ఆపైన పంచే సొమ్ములో 20 శాతం. ఇవి మీరు కట్టే వాయిదాల్లోంచే పోతాయి, విడిగా అడగకూడదు. నెలకి 200 చొప్పున 9 నెలల దివాలాలో ఆఫీసుకి మిగిలేది సుమారు 1,260 డాలర్లు. నెలకి 300 చొప్పున 60 నెలల ప్రపోజల్‌లో 4,000 పైనే. తప్పేం లేదు, నిబంధనే అలా ఉంది. కానీ మీ ఆదాయం తక్కువై, ఆస్తి ఏమీ లేకపోయినా ప్రపోజలే మేలని ఒత్తిడి చేస్తే, ఎందుకో చెప్పమనండి.

లైసెన్స్‌డ్ ఇన్సాల్వెన్సీ ట్రస్టీ తప్ప దివాలాగానీ ప్రపోజల్‌గానీ ఇంకెవరూ నడపలేరు. వాళ్లకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఆఫీస్ ఆఫ్ ది సూపరింటెండెంట్ ఆఫ్ బ్యాంక్రప్సీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. సోషల్ మీడియాలో, కమ్యూనిటీ గ్రూపుల్లో కనిపించే "డెట్ కన్సల్టెంట్లు" చాలామంది వెయ్యో రెండు వేలో తీసుకుని చివరికి మిమ్మల్ని ట్రస్టీ దగ్గరికే పంపిస్తారు. ఆ ట్రస్టీ మొదటి మీటింగ్‌కి సాధారణంగా డబ్బే తీసుకోడు.

మన వాళ్లు ప్రత్యేకంగా అడగాల్సినవి రెండున్నాయి. ఊళ్లో మీ పేరు మీద పొలమో ఫ్లాటో ఉంటే అదీ చెప్పాలి, చట్టంలో ఆస్తి అంటే కెనడా బయట ఉన్నది కూడా. ఇండియా బ్యాంకులో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ కూడా జాబితాలో రాయాలి, కానీ ఇక్కడి డిశ్చార్జ్ అక్కడ తాకట్టు పెట్టిన ఇంటిని గానీ, కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్నని గానీ కాపాడదు. రెండోది స్పాన్సర్‌షిప్: దివాలా డిశ్చార్జ్ కాని మనిషి భార్యనో భర్తనో తల్లిదండ్రులనో స్పాన్సర్ చేయలేరు. మొదటి దివాలా అయి, నిబంధనల హద్దుకి మించిన అదనపు ఆదాయం లేకపోతే డిశ్చార్జ్‌కి 9 నెలలు, ఉంటే 21. దివాలాలో తప్పనిసరైన రెండు కౌన్సెలింగ్ సెషన్లలో ఒకటి ఎగ్గొట్టినా, నెలవారీ ఆదాయ రిపోర్టులు పంపకపోయినా ఇంకా సాగుతుంది. ప్రపోజల్‌కి ఈ అడ్డు లేదు. పెళ్లి కుదిరి ఉంటే ఈ ఒక్క కారణంతోనే దారి మారిపోవచ్చు.

మీటింగ్‌కి వెళ్లేటప్పుడు లోన్ స్టేట్‌మెంట్లు, ట్రాన్స్‌క్రిప్ట్‌లు, గత మూడు పే స్టబ్‌లు, చివరి నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (పన్ను శాఖ పంపే లెక్క కాగితం) పట్టుకెళ్లండి. కనీసం ఇద్దరు ట్రస్టీలతో మాట్లాడండి. సంతకం పెట్టాక ఫోన్ ఎత్తేది లైసెన్స్ ఉన్న ట్రస్టీయా, ఆఫీసులోని ఎస్టేట్ మేనేజరా కనుక్కోండి. మీ స్టూడెంట్ లోన్ పోతుందా పోదా, ఏ తేదీ ఆధారంగా ఆ మాట అంటున్నారు అన్నది ఫైల్ చేయడానికి ముందే ఈమెయిల్‌లో రాసిమ్మని ఇద్దరినీ అడగండి. రాసివ్వడానికి వెనకాడినవాళ్లని జాబితాలోంచి తీసేయండి.