అక్క కూతురి అడ్మిషన్‌కి 19 రోజులు

నిన్న మా అక్క కూతురికి ఎనిమిదో తరగతిలో సీటు దొరికింది. మాది పర్లాకిమిడి. ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడతాను. అక్క, బావ పనికి చెన్నై వెళ్తూ పిల్లను నా దగ్గర వదిలారు. ఏడు దాకా పాతపట్నంలో చదివింది, లెక్కల్లో క్లాసు ఫస్టు.

పాతపట్నం బడివాళ్లు అరగంటలో టీసీ ఇచ్చారు. ఆధార్, ఫొటోలు ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు బాధ ఇక్కడి బడి గుమాస్తాతో. పాతపట్నం మాకు పక్క ఊరే అయినా అది ఆంధ్రా, మాది ఒడిశా. 'వేరే రాష్ట్రం టీసీ, అక్కడి జిల్లా విద్యాధికారి సంతకం తెండి' అన్నాడు. శ్రీకాకుళం మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు అధికారి లేరు. మూడు రోజుల కూలి, బస్సు ఖర్చు పోయాయి. సంతకం తెస్తే ఇంకో మెలిక పెట్టాడు: టీసీలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో చివర ఉంది, ఇద్దరూ ఒక్కరేనని రుజువేమిటని. మన తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తామయ్యా అని ఒడియాలో ఎంత చెప్పినా వినలేదు. చివరికి వరసలో ఉన్న పదిమంది ముందు, 'ఆడపిల్లే కదా, ఒక ఏడాది పోతే ఏమైంది? నీ దగ్గరే కుట్టుపని నేర్పించుకో' అన్నాడు. పిల్ల నా పక్కనే ఉంది. నా చేతిలో పని ఉందని గర్వపడే మనిషిని, ఆ మాటకి తలెత్తలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సంగతి తెలిసి మా వీధిలో డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి, ఆమె తమ్ముడు రాత్రికి ఇంటికొచ్చారు. 'అత్తా, టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 5. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారినా ఎనిమిదో తరగతి దాకా ఇదే రూలు' అని ఆ పిల్ల కాగితం చూపించింది. ఒడియాలో అర్జీ కూడా వాళ్లే రాశారు.

2014లో 17 ఏళ్ల మలాలాకి నోబెల్ వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. చదువుకుంటామని అడిగినందుకు 15 ఏళ్లకే తూటా తగిలిన పిల్ల. అంత ధైర్యం ఎక్కడో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో ఉంటుందనుకున్నాను గానీ మా వీధి చివరింట్లో ఉందని తెలీదు. వరసలో ఆ పదిమంది పెద్దవాళ్లు, నాతో సహా, ఒక్కరం నోరెత్తలేదు. ఈ పిల్లలు కాలేజీ మానుకుని వచ్చారు.

మర్నాడు గుమాస్తాను దాటి నేరుగా హెడ్‌మాస్టర్ గదికి తీసుకెళ్లారు. మీరూ అలాగే చేయండి, కిటికీ దగ్గర రోజులు పోగొట్టుకోకండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బడి ముద్ర వేయించుకోండి. గుమాస్తా అడ్డు చెప్పబోతే ఆ అమ్మాయి గొంతు పెంచకుండా, 'కుదరదని ఈ అర్జీ మీదే రాసి సంతకం పెట్టండి సార్' అంది. హెడ్‌మాస్టర్ ఒకసారి చదివి, చేర్చుకోమని రాసేశారు. పది నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఆ అమ్మాయే సాయంత్రాలు మా పిల్లకి ఒడియా దిద్దిస్తోంది. రాత్రి మా పిల్ల కొత్త నోటుబుక్కు మీద ఒడియాలో పేరు రాసుకుంది. ఇంటిపేరు ముందే పెట్టింది.