తడి సున్నం మీద నాలుగు రోజులు

పరంజా ఎక్కడం నాకు కొత్త కాదు. నాన్న తాపీమేస్త్రి. హైదరాబాద్ పాతబస్తీలో పాత కట్టడాల గచ్చు మరమ్మతులు చేసేవాడు. సెలవుల్లో ఆయనకు అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, వెదురు గడల మధ్య కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేదాన్ని. అయినా 2023 మార్చిలో ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా దెల్ కార్మినె చర్చిలో ఇనుప పరంజా మెట్లు ఎక్కుతుంటే నా కాళ్ళు వణికాయి. పైన ఉన్నది పదిహేనో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు మసాచ్చో బొమ్మలు వేసిన గోడ.

దాన్ని బ్రాంకాచ్చి ప్రార్థనామందిరం అంటారు. గోడల పరిశీలన, మరమ్మతు కోసం పరంజా కట్టి, ఆ పని సాగుతుండగానే కొద్దిమంది చొప్పున సందర్శకులను అప్పట్లో పైకి అనుమతించేవారు. మామూలుగా మెడ ఎత్తి చూడవలసిన బొమ్మలు నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఏదెను తోట నుంచి ఆదాము, హవ్వలను వెళ్ళగొట్టే ఘట్టం ముందు నిలబడ్డాను. ఆదాము రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. హవ్వ నోరు తెరిచి ఏడుస్తోంది. దగ్గరనుంచి చూస్తే ఆ ఏడుపు ఎంత తక్కువ రంగుతో వచ్చిందో తెలుస్తుంది: కళ్ళున్న చోట రెండు నల్లని నీడలు, నోరున్న చోట ఇంకొకటి. అంతే. నాకు మాట రాలేదు.

బయలుదేరే ముందు నాన్న ఒకటే చెప్పాడు: "బొమ్మ తరవాత చూడు. ముందు గోడ చూడు." కాసేపటికి ఆ మాట గుర్తొచ్చి, బొమ్మ నుంచి చూపు తప్పించి పూత మీదికి మళ్ళించాను. అప్పుడు కనిపించింది అతుకు. వెంట్రుకవాసి గట్టులా, మనిషి ఆకారం చుట్టూ తిరిగి వెళ్తున్న గీత.

ఫ్రెస్కో రహస్యమంతా ఆ గీతలోనే ఉంది. తడి ఆరని సున్నపు పూత మీద నీళ్ళలో కలిపిన రంగు వేస్తారు. జిగురు అక్కర్లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారేటప్పుడు రంగును తనలో బంధించుకుంటుంది. కాని అందుకు కొన్ని గంటలే గడువు. అందుకే ఆ రోజు ఎంతవరకు చిత్రించగలరో అంతమేరకే పైపూత పూసేవారు. మర్నాడు దాని అంచుకు ఆనించి కొత్త పూత. ఒక రోజు ముక్కను ఇటలీలో 'జొర్నాతా' అంటారు, రోజు పని అని అర్థం. ఆ అతుకులు లెక్కపెట్టి పని ఎన్ని రోజులు సాగిందో చెప్పవచ్చు. నేను చూస్తున్న ఆదాము, హవ్వల బొమ్మ నాలుగు రోజుల పని. పక్కనే పేతురు చేప నోట్లోంచి నాణెం తీసే పెద్ద బొమ్మకు ముప్పైకి పైగా రోజులు పట్టాయి.

మసాచ్చో 1401లో పుట్టాడు. 1420లలో తనకంటే పెద్దవాడైన మసోలినోతో కలిసి ఈ పని చేశాడు. పూర్తికాకుండానే రోమ్ వెళ్ళి, 1428లో, ఇరవై ఏడేళ్ళు నిండకుండానే చనిపోయాడు. మిగిలిన భాగం దాదాపు అరవై ఏళ్ళ తరవాత ఫిలిప్పీనో లిప్పి పూర్తిచేశాడు. పదిహేడో శతాబ్దంలో ఎవరికో సిగ్గనిపించి ఆదాము, హవ్వల నగ్నత్వం మీద ఆకులు గీయించారు. 1980లలో శుభ్రం చేసినప్పుడు వాటిని తొలగించారు. మంచి పని చేశారు. ఆ ఇద్దరి సిగ్గు వాళ్ళ నడకలోనే ఉంది, దానికి ఆకుల అవసరం లేదు.

ఇంకో సంగతి నాన్నకు చెప్పాలనిపించింది. ఆ గది కిటికీ ఎటువైపు ఉందో, బొమ్మల్లో వెలుగు కూడా అటునుంచే వస్తుంది. నీడలన్నీ దానికి వ్యతిరేక దిశలో పడతాయి. గోడను, గదిని మరిచిపోకుండా బొమ్మ వేసినవాడు మసాచ్చో. తరవాతి తరాల చిత్రకారులు ఈ గది చూసి బొమ్మలు నేర్చుకున్నారు. కుర్రవాడిగా మికెలాంజెలో కూడా ఇక్కడికి వచ్చేవాడు. తోటి విద్యార్థి తొర్రిజానో అతని ముక్కు పగలగొట్టింది ఈ చదువు రోజుల్లోనే.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రయింది, అయినా మేలుకునే ఉన్నాడు.

"పైనుంచి కిందికి చేశారా, కిందినుంచి పైకా?"

"పైనుంచే నాన్నా. కింద చేసినదాని మీద మరకలు పడకుండా."

"ఆఁ. సున్నం ఎన్నాళ్ళు ఊరబెట్టేవారట?"

"నెలలు, ఒక్కోసారి ఏళ్ళు."

తృప్తిగా నిట్టూర్చాడు. సిమెంటు వచ్చాక ఆయనను ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. గానుగలో తిప్పిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం పాళ్ళు ఆయన చేతుల్లోనే ఉండిపోయాయి. వాటికాన్‌లోని సిస్టీన్ ప్రార్థనామందిరం పైకప్పు పని మొదట్లో మికెలాంజెలో బొమ్మకు బూజు పట్టిన కథ కూడా చెప్పాను. అతను హతాశుడై పోప్‌తో ఇది నా వృత్తి కాదని మొరపెట్టుకున్నాడు. అప్పుడు జూలియానో ద సంగాల్లో అనే వాస్తుశిల్పి వచ్చి చూసి, సున్నంలో నీళ్ళు ఎక్కువయ్యాయని తేల్చాడు. "అవును మరి, తడి ఎక్కువైతే బూజు కడుతుంది" అన్నాడు నాన్న, నిన్ననే తానూ ఆ పైకప్పు చూసి వచ్చినట్టు.

మర్నాడు సాంతా మరియా నొవెల్లా చర్చిలో మసాచ్చో 'త్రిత్వం' చూశాను. చదునైన గోడలో లోతైన గది ఉన్నట్టు భ్రమ కలిగించే బొమ్మ అది. పచ్చి పూత మీద దారం లాగి నొక్కిన గీతలు, గీరిన గీతలు అందులో ఇప్పటికీ ఉన్నాయి. దూరపు గీతలన్నీ ఒకే బిందువులో కలిసేలా చేయడానికి వాడింది మేకు, దారం. గోడ నిలువు చూడటానికి నాన్న వాడిన సామానూ అలాంటిదే. దృష్టి గణితమని పుస్తకాల్లో గంభీరంగా చదివిన విద్య ఇది!

డ్యూమో, అంటే ఊరి ప్రధాన చర్చి, దాని గోపురం ఎక్కినప్పుడూ అదే అనుభవం. 463 మెట్లు. రెండు పొరల గోపురం, ఆ పొరల మధ్యనుంచే దారి. వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి 1420 నుంచి 1436 వరకు, కిందినుంచి సెంట్రింగు లేకుండా దీన్ని లేపాడు. ఇటుకల వరసల మధ్య అక్కడక్కడా నిలువుగా పెట్టిన ఇటుకలు చేపముల్లులా మెలితిరుగుతూ పైకి పోతాయి. సున్నం గట్టిపడేలోపు కొత్త వరస జారిపోకుండా అవి పట్టి ఉంచుతాయి. అందరూ పైనుంచి ఊరి ఫోటోలు తీస్తుంటే నేను ఇటుకల ఫోటోలు తీసుకున్నాను.

ఊరంతా తిరుగుతుంటే గోడల మీద తలకంటే ఎంతో ఎత్తున చిన్న పలకలు కనిపించాయి: 1966 నవంబరు 4న ఆర్నో నది నీళ్ళు ఇంతవరకు వచ్చాయని. ఆ వరద బురదతో పాటు ఇళ్ళలో నిలవచేసిన నూనెను కూడా చర్చిల్లోకి తెచ్చింది. సాంతా క్రొచెలో చీమబువె వేసిన శిలువ తన రంగులో చాలా భాగం పోగొట్టుకుంది. గోడలు నీళ్ళు పీల్చుకున్నాక లోపలి లవణాలు పైకి తేలి బొమ్మలు పొక్కసాగాయి. రసాయన శాస్త్రవేత్త ఎంజో ఫెర్రోని, మరమ్మతు నిపుణుడు దీనో దీని కలిసి బేరియం హైడ్రాక్సైడ్‌తో ఆ పొక్కులను తగ్గించి, పూతకు మళ్ళీ బలమిచ్చే పద్ధతి రూపొందించారు. సాన్ మార్కో మఠంలో ఫ్రా ఆంజెలికో బొమ్మలను కాపాడటానికి దాన్ని వాడారు. మూడో రోజు అక్కడి గదుల్లో ఒక్కొక్క బొమ్మ ముందూ చాలాసేపు కూర్చున్నాను. ఒక చిన్న గది, ఒక చిన్న కిటికీ, గోడ మీద ఒక బొమ్మ. లేతరంగులు ఇంకా తడిగానే ఉన్నట్టున్నాయి.

అక్కడ కూర్చుని ఉండగానే అజంతా గుర్తుకొచ్చి గుండె బరువెక్కింది. 1920లలో అజంతా హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. నిజాం ప్రభుత్వం లొరెంజో చెక్కోని అనే ఇటలీ నిపుణుడిని, సహాయకుడు ఒర్సీనిని పిలిపించి ఆ బొమ్మలకు మరమ్మతు చేయించింది. ఊడిపోతున్న పూతను వాళ్ళు శ్రద్ధగా అతికించారు. దాని మీద లక్క వార్నిష్ కూడా పూశారు. కాలం గడిచేకొద్దీ ఆ వార్నిష్ పసుపెక్కి, నల్లబడి బొమ్మలను కమ్మేసింది. అజంతా గోడ వేరు: ఊక కలిపిన మట్టి పూత, పైన పలచని సున్నం, ఆరాక జిగురుతో వేసిన రంగు. ముందు గోడ చూడమన్న మాట ఎంత అవసరమో నాకు సాన్ మార్కోలో అర్థమైంది. వాళ్ళను తప్పుపట్టలేను. కాని ఆ నలుపును తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంటికి వచ్చాక నాన్నకు ఫోన్‌లో హవ్వ ఫోటో చూపించాను. కళ్ళద్దాలు సరిచేసుకుని, వేళ్ళతో పెద్దది చేసి, ముఖం మీద ఆగకుండా దాటిపోయాడు. అంచుల వెంట బొటనవేలి గోరు మెల్లగా జరిగి ఒకచోట నిలిచింది.

"ఇక్కడ ఆపాడు" అన్నాడు. "మర్నాడు ఇక్కణ్ణుంచి ఎత్తుకున్నాడు."