జాలెస్ అంటే మందులే అనుకున్నాను

లాత్వియా రాజధాని రీగలో దిగిన మొదటి చలికాలమే జ్వరం పట్టుకుంది కాబట్టి, లాత్వియన్‌లో నాకు బాగా ఒంటబట్టిన మొదటి మాటల్లో "జాలెస్" ఒకటి. మందులు అని అర్థం. మెడికల్ షాపులో నాలుగు సార్లు అడిగి తెచ్చుకున్నాక ఇంకెక్కడ మర్చిపోతాం. రెండేళ్ల తర్వాత అదే మాట నన్ను ముంచింది.

ఇక్కడ శాశ్వత నివాసం కావాలంటే లాత్వియన్‌లో ఏ2 స్థాయి, అంటే రోజువారీ మాటలు వచ్చేంత, పరీక్ష పాసవ్వాలి. చదవడం, రాయడం ఎలాగోలా నెట్టుకొచ్చాను గానీ వినడం దగ్గరే టెన్షన్. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ దిగి, ట్రామ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడియో పాఠాలు వినేవాణ్ని, సగం నిద్రలో. జూన్‌లో వచ్చిన పాఠం వీళ్ల పెద్ద పండగ గురించి. 23న లీగువో, 24న యాఞి, రెండు రోజులూ దేశమంతా సెలవు. (రాసేటప్పుడు "లీగో" అనే రాస్తారు, పలికేటప్పుడు మధ్యలో ఒక "ఉ" దూరుతుంది, నాకు అది తెలియడానికే వారం పట్టింది.) పాఠంలో మనవరాలు ఫోన్ చేస్తే అమ్మమ్మ "జాలెస్ తెచ్చావా?" అని అడుగుతుంది. "ఇంకా లేదు, సాయంత్రం తెస్తా" అంటుంది ఈ పిల్ల. వాళ్లు ఊరికి ఎందుకు వెళ్తున్నారు అన్న ప్రశ్నకు నేను ధైర్యంగా "అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదు" అని టిక్ పెట్టేశాను.

తప్పు. జాలె అంటే గడ్డి. జాలెస్ అంటే మందులు, ఆకులూ అలములూ కూడా. పాతకాలంలో మందులంటే మూలికలే కదా, అలా అయ్యుంటుంది. పైగా జాలె అంటే పెద్ద హాలు కూడానట! యాఞుజాలెస్ అంటే పండగకి కోసుకొచ్చే పూలూ ఆకులూ. ఆడవాళ్లు పూలతో, మగవాళ్లు ఓక్ ఆకులతో కిరీటాలు అల్లి తలకి పెట్టుకుంటారు, గుమ్మాలకి బర్చ్ కొమ్మలు కడతారు.

మా షిఫ్టులో అరవై దాటిన ఒకావిడ ఉంది. ఈ సంగతి చెప్తే పెట్టెల మీద కూలబడి నవ్వి, "ఆ ఫోన్ పక్కన పెట్టి మా ఊరు రా" అంది. త్సేసిస్ పక్కన పల్లె, రీగ నుంచి రైల్లో సుమారు 90 కిలోమీటర్లు.

లీగువో రోజు వెళ్లేసరికి వంటింట్లో జున్ను పని నడుస్తోంది. యాఞు సియెర్స్ అంటారు. మరిగే పాలలో విరిగిన పాలముద్ద లాంటి బియెజ్‌పియెన్స్ వేసి, నీళ్లు వేరయ్యాక గుడ్డలో వడకట్టి, వెన్న, గుడ్లు, ఉప్పు కలిపి, మళ్లీ సన్నని సెగ మీద కలుపుతూ కూర్చుంటారు. ఆవిడ గుప్పెడు జీలకర్ర వేస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా నోట్లో పెట్టుకుంటే జీలకర్ర కాదు, దాని సీమ చుట్టం, కాస్త సోంపు వాసన. అయినా మూడు ముక్కలు తిన్నాను. వేడివేడిగా మూట కట్టి బరువు పెడుతూ ఆవిడ ప్రతి పనికీ మాట చెప్పేది, నేను తిరిగి అనేవాణ్ని. దీర్ఘాలు నాకు సరిగ్గా పలికాయని మెచ్చుకుంది. "రీగ" అంటే ఊరు, చివర దీర్ఘం పెట్టి "రీగా" అంటే రీగలో అని. పడటానికీ పాడటానికీ తేడా తెలిసినవాళ్లం, మనకి ఇదో లెక్కా! నన్ను చంపేది విభక్తులు, ఏడున్నాయి.

సూర్యుడు రాత్రి పదిన్నరకి గానీ దిగలేదు. అప్పుడు మంట వేశారు, భోగి మంట అంత. గాలి తిరిగి పొగంతా మా వైపు కొట్టేసరికి పిల్లలు "దూమి! దూమి!" అని కేకలు. ధూమం! మంట "ఉగున్స్", అంటే అగ్ని. రోజు దియెన, కల సప్నిస్, తేనె మెదుస్. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటలకి ఇవి దూరపు చుట్టాలు. పాఠంలో ఇవన్నీ వినే ఉంటాను, పొగ కళ్లల్లో పడితే గానీ చెవికెక్కలేదు.

పాటలు ఇంకా నయం. ప్రతి చరణం తర్వాత "లీగువో, లీగువో" అని సాగదీస్తారు, ఆ సందులో ముందు విన్నది అర్థం చేసుకోవచ్చు. పరీక్ష ఆడియోలో అంత జాలి లేదు. వచ్చిన చుట్టాల మీద ఎగతాళి పాటలు కూడా కడతారు, మన పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మీద పాడినట్టు. నా మీద కూడా ఒకటి కట్టారు, "ఇండియా" అన్నది తప్ప ఏమీ అర్థం కాలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను.

అర్ధరాత్రి దాటాక జంటలు ఫెర్న్ పువ్వు వెతకడానికని అడవిలోకి వెళ్తారు. ఫెర్న్ అసలు పూయదు. వెళ్లేవాళ్లకీ తెలుసు, పంపేవాళ్లకీ తెలుసు.

లీగువో రాత్రి నిద్రపోతే వేసవంతా నిద్రపోతారని వీళ్ల నమ్మకం. నాలుగున్నరకి సూర్యుడొచ్చేస్తాడు, అందాకా మేలుకోవాలంతే. మూడింటికి నేను బెంచీ మీద కూర్చునే తూలిపోయాను. సోమవారం షిఫ్టులోకి అడుగుపెట్టగానే ఆవిడ అందరూ వినేలా "మియెగమిత్సె!" అని పిలిచింది. నిద్రమొహం అని అర్థమట. ఏ పాఠంలోనూ రాలేదు ఆ మాట, ఇప్పుడు గోడౌన్‌లో నా పేరే అది.