చెమ్మగోడ, క్యాంపు పెయింటర్

తిరువొత్తియూరు, చెన్నై, ఆదివారం.

పొద్దున్నే పెయింటర్ వచ్చాడు. గుమ్మిడిపూండిలోని లంక తమిళ శరణార్థుల క్యాంపు అబ్బాయి. ఉప్పుకాగితం తియ్యకముందే వేలి కణుపులతో గోడంతా టకటకా కొట్టుకుంటూ పోయాడు. కిటికీ కింద డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీసి చూపిస్తే లోపల ఇసుక తడితడిగా ఉంది. "పైవాళ్ళ బాత్రూం పైపు కారుతోందక్కా. అది బాగుచేయించకుండా ప్రైమర్ కొడితే వానాకాలానికి పొంగిపోతుంది, ఇప్పుడొద్దు" అని సామాను సర్దేశాడు. సగం కూలీ ఇస్తే మొహమాటపడకుండా తీసుకున్నాడు. అదీ నచ్చింది నాకు.

గేటు దగ్గర మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు పట్టుకున్నారు. నెల్లూరాయనే. "క్యాంపు వాళ్ళని ఇంట్లోకి రానిస్తారేంటమ్మా, 91 మర్చిపోయారా?" మర్చిపోలేదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపింది ఎల్‌టీటీఈ, లంక తమిళుల సాయుధ సంస్థ. అప్పటికి ఈ అబ్బాయి చంటిపిల్లాడు! 1983 అల్లర్లప్పుడు లంక నుంచి పడవెక్కి వచ్చినవాళ్ళకి ఇక్కడే పుట్టాడు. 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్ళకి అమ్మానాన్నల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి కాబట్టి ఇక్కడ పుట్టినా పౌరుడు కాలేదు. పౌరసత్వ చట్టానికి 2019లో చేసిన సవరణలో అసలు శ్రీలంక ఊసే లేదు.

మా ఆడపడుచుది ఇంకో వరస. "పాపం, క్యాంపు వాళ్ళు ఎంత నిజాయితీపరులో!" అంటుంది. పోయినేడు వంటింటికి సున్నం వేస్తానని అడ్వాన్సు పట్టుకుపోయి ఫోన్ ఎత్తడం మానేసినవాడిదీ ఆ క్యాంపే. వాడు దొంగ వెధవ, ఎవరడిగినా అదే చెప్తాను. అంతమాత్రాన వాడి బాకీ ఈ అబ్బాయి పద్దులో రాస్తానా?

మామయ్యగారు, వాళ్ళన్నయ్య 1964లో బర్మాలోని రంగూన్ నుంచి ఒకే ఓడలో వచ్చారు, అక్కడి నేవిన్ సైనిక సర్కారు కొట్లన్నీ జాతీయం చేశాక. ఇక్కడ ప్రభుత్వం ఇచ్చిన పునరావాసం అప్పు ఇద్దరికీ అందింది. ఈయన తర్వాత బర్మా బజార్లో కొట్టు పెట్టుకున్నారు. వాళ్ళన్నయ్య ఆ డబ్బు పేకాటలో పెట్టాడు. బర్మా వాళ్ళు ఎలాంటివాళ్ళని ఎవరైనా అడిగితే, ఎనభై దాటిన మా మామయ్యగారు "ఏ బర్మావాడి గురించి?" అని ఎదురడుగుతారు.

సెక్రటరీగారు పెయింటర్ గుర్తింపు కార్డు జిరాక్స్ కావాలన్నారు. అడగొచ్చు, తప్పేం లేదు. మరి ప్లంబర్ని, పేపరబ్బాయిని, ఏసీ మెకానిక్‌ని ఎందుకు అడగలేదో! పని చెయ్యడానికి వచ్చే ప్రతివాళ్ళ దగ్గరా తీసుకుని రిజిస్టరు పెట్టండి, మొదటి జిరాక్స్ నేనే తెచ్చిస్తానన్నాను. గ్రూపులో పెట్టి చూస్తానన్నారు.

పైవాళ్ళేమో ఆ పైపు తమది కాదంటున్నారు. అది తేలేదాకా పెయింటింగ్ లేనట్టే.