పాఠం చెప్పేటప్పుడు లాప్‌టాప్ మూసేయమని ఎందుకంటున్నానంటే

నేను ఇంజనీరింగ్ కాలేజీలో సెకండియర్ సీఎస్ఈ వాళ్ళకి డేటా స్ట్రక్చర్స్, అంటే కంప్యూటర్‌లో సమాచారాన్ని అమర్చుకునే పద్ధతులు, చెప్తాను. ఈ సెమిస్టర్ మొదట్లోనే పిల్లలు "మేడమ్, నోట్స్ లాప్‌టాప్‌లో రాసుకుంటాం" అనడిగితే, కంప్యూటర్ చదివే పిల్లల్ని కంప్యూటర్ వద్దని ఎలా అంటాం అనుకుని సరే అన్నాను. మూడు వారాలు చూశాక నా మనసు మారింది, ఎందుకో రాద్దామని కూర్చున్నా.

ఒకరోజు లింక్డ్ లిస్టులో నోడ్ తీసేయడం చెప్తున్నా. లింక్డ్ లిస్టంటే ఒక్కో డబ్బా (అదే నోడ్) తన తర్వాతి డబ్బా ఎక్కడుందో బాణంతో చూపించే వరస. ముందున్న నోడ్ బాణం తెచ్చి తర్వాతి నోడ్‌కి తగిలించాలి, ఆ తర్వాతే మధ్యలోదాన్ని ఫ్రీ చేయాలి, అంటే దాని మెమరీ వదిలేయాలి, ఈ వరస తప్పితే మిగతా లిస్టంతా చెయ్యి జారిపోద్ది. బోర్డు మీద డబ్బాలు గీసి, బాణం చెరిపి, మళ్ళీ గీసి చూపించా. లాప్‌టాప్ ముందున్నవాళ్ళు నేనన్న మాట అన్నట్టు టైప్ చేసుకున్నారు, బొమ్మ గీయడానికి కుదరదు కాబట్టి ఫోన్ తీసి ఫొటో కొట్టారు. ఒకబ్బాయిని లేపి, ఫ్రీ చేయడం చివర్లోనే ఎందుకు చేయాలి నాన్నా అనడిగితే స్క్రీన్ పైకి జరిపి నా వాక్యమే నాకు చదివి వినిపించాడు. తెలివైన పిల్లాడే, వినలేదని కాదు, విన్నదంతా చేతుల్లోంచి వెళ్ళిపోయింది, బుర్రలో ఆగలేదు.

దీని మీద 2014లో అమెరికాలో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అని ఇద్దరు చేసిన స్టడీ ఉంది, లాప్‌టాప్‌లో నోట్స్ తీసుకున్నవాళ్ళు ఎక్కువ రాసినా మక్కీకి మక్కీ దింపేశారని, అర్థమైందా లేదా అని అడిగే ప్రశ్నల్లో వెనకబడ్డారని చెప్పారు. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే తేడా అంత గట్టిగా కనపడలేదు, అందుకని నేను దాని మీదే ఆధారపడి మాట్లాడట్లేదు. నా కళ్ళతో చూసింది ఇంకోటి ఉంది.

అదే వారం రెండో బెంచీ అమ్మాయి నోట్‌బుక్ చూశాను. టెన్త్ దాకా తెలుగు మీడియం. నేను ఇంగ్లీషులో చెప్పిన డెఫినిషన్ సగం రాసి ఆపేసింది, పక్కన మార్జిన్‌లో చిన్న ఇల్లు గీసి కింద "పాయింటర్ అంటే ఇల్లు కాదు, డోర్ నెంబరు" అని తెలుగులో రాసుకుంది. పాయింటరంటే మెమరీలో డేటా ఉన్న చోటు అడ్రసు, నేను గీసే బాణం అదే. ఆ ఇంటి పోలిక నేను చెప్పింది కాదు, తనకి తనే చెప్పుకున్న మాట. పేజీ తిప్పితే ఇంకా ఉన్నాయి, లిస్టు అయిపోయిందని చెప్పే నల్ దగ్గర "ఇక్కడితో వీధి అయిపోయింది" అని. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ తర్వాత లాప్‌టాప్ నోట్స్ అడిగి చూశాను. ఒక్కదాంట్లోనూ ఒక్క తెలుగు ముక్క లేదు. మన పిల్లలు వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటారు గానీ నోట్స్ అనేసరికి కీబోర్డు ఇంగ్లీషే, తెలుగు కీబోర్డు ఎవరూ పెట్టుకోరు, ఇంటి గుర్తు గీయడానికి మార్జినూ ఉండదు. తెలుగులో ఆలోచించే పిల్లకి అర్థం చేసుకునే చోటే లేకుండా పోతోంది. దీన్ని ఎవరూ పట్టించుకోవట్లేదనే నా బాధంతా.

పక్కవాళ్ళ సంగతీ ఉంది. ముందు బెంచీలో ఒకడు స్కోరు చూస్తుంటే వెనక ముగ్గురి కళ్ళూ అక్కడే. 2013లో కెనడాలో చేసిన ఒక ప్రయోగంలో, లాప్‌టాప్‌లో వేరే పనులు చేసేవాళ్ళు కళ్ళముందు కనపడేలా కూర్చున్నవాళ్ళకి, అలా కనపడనివాళ్ళకంటే పరీక్షలో 17 శాతం తక్కువొచ్చిందట. వీళ్ళు పెన్నుతో రాసుకుంటున్నవాళ్ళే, అయినా నష్టపోయారు.

లాప్‌టాపే వద్దని కాదండి నేననేది. 2008లో ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు పెట్టి పల్లెల్లో టెన్త్ టాపర్లకి తలా ఒక లాప్‌టాప్ ఇచ్చినప్పుడు మా పిన్ని కొడుకు నూజివీడులో చేరాడు, అంతకుముందు వాడు కంప్యూటర్ ముట్టుకున్నదే లేదు, ఇవాళ వాడి జీవితం దాని మీదే నిలబడింది. ల్యాబ్‌లో ఎర్రర్ వచ్చి రెండు గంటలు కొట్టుకుంటే వచ్చే చదువు నోట్‌బుక్‌లో రాదు. కాకపోతే మన సెమిస్టర్ పరీక్ష ఇప్పటికీ మూడు గంటలు చేత్తో రాసేదే, కోడ్ కూడా కాయితం మీదే, నెలల తరబడి పెన్ను పట్టనివాళ్ళు రెండో గంటకే వేళ్ళు విదిలించుకోవడం ఇన్విజిలేషన్‌లో చూస్తూనే ఉన్నా.

అందుకని ఇప్పుడు నా క్లాసులో మొదటి 35 నిమిషాలు అందరూ లాప్‌టాప్ మూసేయాలి, చివరి 15 నిమిషాలు తెరిచి అప్పటిదాకా గీసిందే కోడ్ రాసి రన్ చేయాలి. ఒక్కడికి మాత్రం మొత్తం పీరియడ్ తెరిచే ఉంటుంది. చూపు బాగా తక్కువ ఆ అబ్బాయికి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఫ్రీ స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాడు, వాడికి లాప్‌టాపే నోట్‌బుక్కు. వాడికోసం నేను బాణం గీసేటప్పుడు ఎక్కణ్ణించి ఎక్కడికో పైకి చెప్తూ గీస్తున్నా, దాంతో మిగతావాళ్ళకీ బాగా ఎక్కుతోంది.

రేపు డబ్లీ లింక్డ్ లిస్ట్ మొదలు. ఒక్కో నోడ్‌కి రెండేసి బాణాలు, రంగు పెన్నులు తెచ్చుకోమని చెప్పాను.