చైల్డ్‌కేర్ గుమ్మంలో అడిగేవి, ఫారంలో రాయాల్సినవి

"అక్కా, ఇవాళ మధ్యాహ్నం పడుకోనివ్వకండి, రాత్రి పన్నెండయినా కళ్లు మూయట్లేదు." మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ చుట్టుపక్కల చైల్డ్‌కేర్ సెంటర్లలో పనిచేసే మాలాంటి తెలుగువాళ్లకి పొద్దున్నే వినపడే మాటల్లో ఇదొకటి. తెలుగు మనిషి కనిపించింది కదా అని చెవిన వేసి వెళ్లిపోతారు. ఆ వేళకి గేటు దగ్గర ఉన్నది మీ పాప గదిలో పనిచేసే మనిషి కాకపోవచ్చు. జనం పలచగా ఉన్నంతసేపూ అన్ని వయసుల పిల్లల్నీ ఒకే గదిలో ఉంచి, ఎనిమిది దాటాక ఎవరి గదులకి వాళ్లని పంపుతారు. పొద్దున తలుపు తీసినవాళ్లు మూడింటికల్లా ఇంటికి పోతారు. నోటిమాట ఆ మధ్యలో ఎక్కడో జారిపోతుంది. సెంటర్ యాప్‌లో మెసేజ్ పెడితే అన్ని షిఫ్టులవాళ్లూ చూస్తారు.

ఇక నిద్ర సంగతి. నిద్ర ముంచుకొస్తున్న పిల్లని బలవంతంగా మేలుకొలిపి ఉంచం. నిద్ర రానివాళ్లని బలవంతాన పడుకోబెట్టం కూడా. కాసేపు పక్క మీద ఒరిగాక పుస్తకాలో పజిల్సో ఇస్తాం. మీరు చేయగలిగింది, ఎన్నింటికి లేచింది, రాత్రి ఎన్ని గంటలు పడుకుంది రాసి, ఎంతసేపటికి నెమ్మదిగా లేపొచ్చో గది లీడర్‌తో మాట్లాడుకోవడం. పసివాళ్ల విషయంలో అయితే బేరాల్లేవు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, మొహం మీద గుడ్డ లేకుండా పడుకోబెడతాం. ఆవాల దిండు, మెత్తటి బొంత, పక్కన బొమ్మ, నోట్లో పాలసీసా, ఏవీ కుదరవు. ఇంట్లో ఉయ్యాలకి అలవాటుపడ్డ బిడ్డ మొదటి వారం కాట్‌లో (పసివాళ్ల మంచంలో) ఏడుస్తుంది. చేరడానికి రెండు మూడు వారాల ముందే ఇంట్లో చదునైన పక్క మీద పడుకోబెట్టడం మొదలుపెడితే ఆ ఏడుపు చాలావరకు తగ్గుతుంది.

తిండి దగ్గర వచ్చినన్ని మనస్పర్థలు ఇంకెక్కడా రావు. చాలా సెంటర్లలో భోజనం పదకొండున్నరకే. యాప్‌లో "ఏమీ తినలేదు" అని చూసి అమ్మలు ఆఫీసులోంచి ఫోన్ చేస్తారు, కాస్త కలిపి నోట్లో పెట్టొచ్చు కదా అని. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్లలోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్ (పిల్లల్ని చూసుకునే సిబ్బంది), మూడు దాటాక పదకొండు మందికి ఒకరు. ఒకరికి అన్నం తినిపిస్తూ కూర్చుంటే మిగతా ముగ్గురి మీద కన్ను ఉండదు, పిల్లలకి గొంతులో అడ్డం పడేదేమో తినేటప్పుడే. పైగా వద్దని మొహం తిప్పుకున్న పిల్లకి కుక్కి పెట్టడం ఇక్కడ తప్పు. ఫోన్‌లో పాటలు చూపిస్తూ తినిపించే అలవాటుంటే ముందు దాన్ని మాన్పించండి. కుర్చీలో కూర్చుని, సొంత చెంచాతో, సగం కింద పోసుకున్నా సరే, తనే తినడం నేర్పండి. పాస్తా, శాండ్‌విచ్ ఇంట్లో రుచి చూపించండి. కొందరు అప్పటికీ నెలదాకా బ్రెడ్డూ పళ్లతోనే నెట్టుకొస్తారు, కంగారుపడాల్సిన పని లేదు.

పిల్లని చేర్చేటప్పుడు నింపే ఫారంలో "వెజిటేరియన్" అని మాత్రమే రాస్తే వంటామెకి గుడ్డు ఫరవాలేదనే అర్థం. కేకులో గుడ్డు, జెల్లీలో జెలటిన్ కూడా వద్దనుకుంటే విడివిడిగా రాయాలి. మాంసం తింటూ బీఫ్ తినకపోతే అదీ రాయాలి. ఇంటి నుంచి డబ్బా తెచ్చే సెంటరయితే పల్లీలు గుర్తుపెట్టుకోండి, అవి పడని పిల్లలుంటారని చాలాచోట్ల రానివ్వరు. పల్లీ చట్నీ సంగతి అందరికీ తెలుసు; పులిహోర పోపులో పడ్డ నాలుగు పలుకులు ఎవరికీ గుర్తుండవు. వాటితోనే డబ్బా వెనక్కి వస్తుంది. ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు ముక్కలు చేసి పెట్టండి.

మందుల విషయం ఇంకా కచ్చితం. అసలు సీసాలోనే ఉండాలి, గడువు దాటకూడదు, డాక్టరు రాసిన మందయితే పిల్ల పేరుతో ఫార్మసీ లేబుల్ కావాలి. ఎంత మోతాదు, ఎన్నింటికి, చివరిసారి ఎప్పుడు వేశారు, అన్నీ మందుల ఫారంలో నింపి సంతకం పెట్టాలి. ఊరి నుంచి తెచ్చిన సిరప్‌ని చిన్న సీసాలో పోసి బ్యాగులో పెడితే అది సాయంత్రం అలాగే ఇంటికొస్తుంది. పొద్దున ఆరున్నరకి పారాసెటమాల్ పోసి దింపేయడం మాకు తెలియని చిట్కా కాదు. పదిన్నర, పదకొండుకి దాని పని అయిపోతుంది, ఒళ్లు మళ్లీ కాలుతుంది, మీ మీటింగ్ మధ్యలో మా ఫోన్ మోగుతుంది. వాంతులు, విరేచనాలయితే చివరిది అయ్యాక కనీసం 24 గంటలు ఇంట్లోనే ఉంచాలి. రాని రోజుకీ ఫీజు పడుతుంది. ఫీజులో ప్రభుత్వ సబ్సిడీ ఉన్నవాళ్లకి జులై నుంచి జూన్ దాకా ఒక్కో పిల్లకి 42 రోజుల గైర్హాజరు వరకు కారణం చూపించకుండానే అది అందుతుంది. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకుంటే మంచిది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లలో చాలామందికి అసలు సబ్సిడీయే రాదు.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతో నడుము కింద, పిరుదుల మీద నీలి మచ్చలుంటాయి. డైపర్ మార్చేటప్పుడు చూసిన కొత్త ఎడ్యుకేటర్‌కి అవి కమిలిన దెబ్బల్లా కనిపిస్తాయి. అనుమానం వస్తే రిపోర్టు చేయడం ఇక్కడ మా చట్టబాధ్యత. చేరిన రోజే ఫారంలో మచ్చ ఎక్కడుందో రాసి, వీలైతే డాక్టరు చీటీ ఒకటి జతచేయండి. బుగ్గ మీది దిష్టిచుక్క సంగతీ చెప్పి ఉంచండి, ఎవరైనా మసి అనుకుని తడిగుడ్డతో తుడిచేస్తారు. మెడలో గొలుసు, నల్లపూసలు, మువ్వలున్న పట్టీలు తీసేసి పంపండి; మువ్వ ఊడితే తిన్నగా నోట్లోకే.

ఫొటో వాట్సాప్‌లో పంపమని అడక్కండి. సొంత ఫోన్లు పిల్లల దగ్గరికి తేకూడదు, సెంటర్ టాబ్లెట్‌తో తీసినవే యాప్‌లో వస్తాయి. తెలుగువాళ్లమే కదా అన్న చనువు ఇక్కడ పనికిరాదు.

సాయంత్రం మూసే వేళ దాటితే నిమిషాల లెక్కన లేటు ఫీజు పడుతుంది. మీకు వీలుకాక అమ్మమ్మనో తాతయ్యనో పంపితే, వాళ్ల పేరు ముందే ఫారంలో ఉండాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇక్కడి కార్డులేవీ ఉండవు కాబట్టి పాస్‌పోర్టు ఇచ్చి పంపండి. పిల్ల "తాతా" అంటూ పరిగెత్తి కాళ్లకి చుట్టేసుకున్నా, మొదటిసారి ఫొటో ఐడీ చూడందే పంపం. పెద్దాయన గుమ్మంలో నిలబడి నొచ్చుకోకుండా ఈ మాట బయల్దేరే ముందే ఆయన చెవిన వేయండి.