ఒక్క ఉత్తరం కోసం పదకొండు రోజులు: నా పీహెచ్‌డీ అడ్మిషన్ అనుభవం

నిన్న సాయంత్రం వీసాతో పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఆగస్టు రెండో వారంలో అమెరికా ప్రయాణం. సూట్‌కేసు ఇంకా కొనలేదు కానీ ముందు ఇది రాయాలనిపించింది. పోయిన నవంబరు నుంచి మొన్నటి దాకా ఏం జరిగిందో ఒక్కటీ మర్చిపోకముందే రాసేయాలి.

మాది కోనసీమ. అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి శివారు ఆయకట్టులో రెండెకరాల వరి. 2022లో ఒక ప్రైవేటు కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను. ఆ తర్వాత రెండేళ్లు హైదరాబాద్‌లో భూగర్భ జలాల ప్రాజెక్టులో అసిస్టెంటుగా పని చేశాను. 2025 ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి) అమెరికాలో ఏడు యూనివర్సిటీలకు జలవనరుల విభాగంలో పీహెచ్‌డీకి అప్లై చేశాను. ఎంఎస్‌కి కాదు. ఎంఎస్ అంటే ముప్పై, నలభై లక్షల అప్పు. మా పొలం అమ్మినా అంత రాదు. మా వైపు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్ పీహెచ్‌డీకి బీటెక్‌తోనే నేరుగా అప్లై చేయొచ్చు. ఫండింగ్‌తో సీటొస్తే ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. నాకిది చెప్పింది ప్రాజెక్టులో నా సీనియర్ అక్క. ఆవిడ చెప్పకపోతే నేనూ అందరిలాగే బ్యాంకు చుట్టూ తిరిగేదాన్ని.

జీఆర్‌ఈ తేలిగ్గానే అయిపోయింది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను తగ్గించి గంటా యాభై ఎనిమిది నిమిషాలు చేశారు. 340కి 318 వచ్చింది. నా ఏడింటిలో నాలుగు అసలు జీఆర్‌ఈ అడగనే లేదు. టోఫెల్‌లో 120కి 101. ట్రాన్స్‌క్రిప్టులు వారంలో వచ్చేశాయి.

ఎస్‌వోపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం దగ్గర కొంచెం తడబడ్డాను. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నమూనా ఇచ్చారు. చిన్నప్పటి నుంచి నాకు కట్టడాలంటే ఇష్టం అని మొదలవుతుంది. నాకు చిన్నప్పుడు కట్టడాలంటే ఇష్టం లేదు. నాకు గుర్తున్నది 2011. ఆ ఏడాది కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతుంటే, పండిన దానికి గిట్టుబాటు లేకపోతే ఇంకేం చేస్తారు? అరుగు మీద పని లేకుండా కూర్చున్న నాన్నగారిని నేను ఆ ఏడాదే మొదటిసారి చూశాను. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. నీళ్లు తేవడం మనకి అప్పటి నుంచే తెలుసు. వచ్చిన నీళ్లను మళ్లీ చేలోంచి బయటికి పంపడమే ఇప్పటికీ చేతకావడం లేదు. నేను చదవాలనుకున్నది అదే. నమూనా పక్కన పడేసి ఇదే రాశాను. తర్వాత ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు మొదట అడిగింది కూడా ఆ క్రాప్ హాలిడే గురించే.

ఇక ఉత్తరాల సంగతి.

ఒక్కో యూనివర్సిటీకి మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఒకటి హైదరాబాద్‌లో మా ప్రాజెక్టు సార్ ఇచ్చారు. రెండోది బీటెక్ ప్రాజెక్టు గైడ్ మేడమ్. ఇద్దరూ రెండు రోజుల్లో పంపేశారు. మూడోది బీటెక్‌లో మా హెచ్‌వోడీ (విభాగాధిపతి) గారిదైతే బరువుంటుందని అందరూ అన్నారు. నేనూ నమ్మాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

డిసెంబరు 1కి రెండు డెడ్‌లైన్లు, 15కి మూడు, జనవరి 5కి రెండు. నవంబరు 18న ఫోన్ చేస్తే, "పంపమ్మా, చూద్దాం" అన్నారు. జీమెయిల్ కాకుండా సంస్థ మెయిల్ ఇవ్వమని పోర్టల్‌లో ఉంది. కాలేజీ మెయిల్ ఐడీ ఇచ్చాను. రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఆఫీసులో క్లర్కు గారు, "ఆ పేరుతో మా రిజిస్టర్లో ఎవరూ లేరండి" అన్నారు. విషయమేమిటంటే మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టులో రెండూ వేరు వేరు గళ్లలో ఉంటాయి. యూనివర్సిటీ నుంచి వెళ్లిన మెయిల్లో పేరు ముందు, ఇంటిపేరు చివర పడింది. అంతమాత్రానికి రెండేళ్ల కిందటి దాకా రోజూ వాళ్ల కళ్లముందు తిరిగిన దాన్ని ఎవరూ కాకుండా పోయాను. హాల్ టికెట్ నంబరు చెప్పాక, "ఉన్నారండి, కానీ సార్‌తో మీరే వచ్చి మాట్లాడాలి" అన్నారు. రాత్రి బస్సెక్కాను.

మొదటి రోజు తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా హెచ్‌వోడీ గది బయట బల్ల మీద కూర్చున్నాను. మీటింగని ఒకసారి, ఇన్‌స్పెక్షన్ పనులని ఒకసారి, భోజనమని ఒకసారి చెప్పారు. పాపం అటెండర్ గారే రెండుసార్లు మంచినీళ్లు తెచ్చిచ్చారు. నా పేరు ఆయనకి గుర్తుంది. వెళ్లేటప్పుడు హెచ్‌వోడీ గారు నన్ను చూసి, "రేపు రామ్మా" అంటూ కారెక్కారు.

రెండో రోజు పదకొండింటికి లోపలికి పిలిచారు. గదిలో ఇంకో నలుగురు లెక్చరర్లున్నారు. కూర్చోమనలేదు. నా మార్కుల లిస్టు తీసి అందరికీ వినపడేలా చదివారు. రెండో ఏడాది మ్యాథ్స్-3లో నాకు ఒక బ్యాక్‌లాగ్ ఉంది, మరుసటి సప్లీలో పాసయ్యాను. అక్కడ ఆగి, "ఇది పెట్టుకుని పీహెచ్‌డీయా? నీకెవరిస్తారమ్మా?" అన్నారు. ఎవరో నవ్వారు. "నాన్నగారేం చేస్తారు?" అన్నారు. వ్యవసాయమండి అన్నాను. "మరి ఆయన్ని సంబంధాలు చూడమనక, ఇదంతా ఎందుకు?"

ఆ మాటకి నేనేమీ బదులివ్వలేదు. ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది. ఇవ్వాల్సిన జవాబులు పది తయారవుతాయి. ఆ రోజు మాత్రం గొంతు పెగల్లేదు. ఉత్తరం కావాలి కదా, నోరు మూసుకున్నాను.

తర్వాత సొరుగులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి ఇచ్చారు. ఎప్పటిదో ఇంకెవరో అబ్బాయికి ఇచ్చిన ఉత్తరం. పేరు మీద వైట్‌నర్ పూసి ఉంది. "దీన్నే నీ పేరుతో టైపు చేయించుకుని రా, సంతకం పెడతా." కాగితం కాదండి, ఆన్‌లైన్లో మీరే అప్‌లోడ్ చేయాలి, కొన్ని ప్రశ్నలుంటాయి అన్నాను. "అదంతా నాకు కుదరదు. క్లర్కు దగ్గర పాస్‌వర్డ్ ఉంది, నువ్వే చేసుకో."

క్లర్కు గారు నిజంగానే మెయిల్ తెరిచి, లింకు నొక్కి, నా కోసం కుర్చీ జరిపారు. స్క్రీన్ మీద ప్రశ్న: మీరు చదువు చెప్పిన విద్యార్థుల్లో ఈమెను ఎక్కడ పెడతారు? మొదటి 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా. ఆ కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చున్నాను. ఎక్కడ నొక్కినా అడిగేవాళ్లు లేరు. కానీ అప్లికేషన్లో ఒక చోట, ఈ ఉత్తరాలను చూసే హక్కు వదులుకుంటున్నాను అని నేనే టిక్కు పెట్టాను. అది పెట్టి, ఇప్పుడు ఆ ఉత్తరం నేనే రాసుకోవాలా? లేచి వచ్చేశాను.

ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. అందరూ అలాగే చేస్తారు, నువ్వొక్కదానివే హరిశ్చంద్రుడి మనవరాలివా అని మా బ్యాచ్ గ్రూపులోనే అన్నారు. ఒక కన్సల్టెన్సీ అయితే హెచ్‌వోడీ పేరుతో మెయిల్ ఐడీ తయారుచేసి మూడు ఉత్తరాలూ వాళ్లే పంపేస్తామని రేటు కూడా చెప్పింది. నేను ఒకటే అడుగుతాను. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే అచ్చులో ఉంటే అవి చదివేవాళ్లు ఇంకెవర్ని నమ్ముతారు? మన వెనకాల వచ్చే పిల్లల ఉత్తరం నిజమైనదైనా ఎవరైనా నమ్ముతారా? నేను రాసుకోలేదు. అందుకు గర్వపడుతున్నాను, ఇక్కడ చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

కానీ ఆ రాత్రి ఇంటికెళ్లి బాగా ఏడ్చాను. అమ్మ ఏమీ అడగలేదు, అన్నం కలిపి పెట్టింది.

నాలుగు రోజులు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు గుర్తొచ్చారు హైడ్రాలిక్స్ సార్. మాకు రెండు సెమిస్టర్లు చెప్పి, మానేసి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి వెళ్లిపోయారు. ఆయనకి నేను గుర్తుంటానని అనుకోలేదు. నంబరు సంపాదించి భయపడుతూ ఫోన్ చేశాను. పేరు చెప్పగానే, "వి-నాచ్ అమ్మాయివి కదూ?" అన్నారు.

వి-నాచ్ అంటే నీటి ప్రవాహాన్ని కొలవడానికి వి ఆకారంలో గాడి కోసిన పలక. ల్యాబులో ఆ ప్రయోగంలో డిశ్చార్జ్ కోయెఫిషెంట్ (లెక్క ప్రకారం రావాల్సిన నీటికి నిజంగా వచ్చిన నీటి నిష్పత్తి) 0.6 దరిదాపుల్లో రావాలి. మాకు 0.5 కూడా రాలేదు. అందరూ సీనియర్ల రికార్డు చూసి 0.62 రాసేశారు. నేను మూడుసార్లు రీడింగులు తీసి, చివరికి నీళ్లు పట్టే ట్యాంకు వాల్వు కారుతోందని కనిపెట్టాను. నేను మర్చిపోయిన ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. వాళ్ల ప్రిన్సిపల్‌ని అడిగి సంస్థ మెయిల్ తీసుకుని, నవంబరు 28 రాత్రి పన్నెండు దాటాక ఏడింటికీ పంపారు. ఏం రాశారో నాకు తెలియదు.

ఒక యూనివర్సిటీ పోర్టల్‌లో మాత్రం అప్లికేషన్ సబ్మిట్ చేశాక రికమెండర్ పేరు మార్చడం కుదరలేదు. అక్కడి గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ రాస్తే ఒక్క రోజులో మార్చేశారు. కాబట్టి మెయిల్ రాయడానికి భయపడకండి. వాళ్లు జవాబిస్తారు. మన ఆఫీసుల్లోలాగా బల్ల మీద కూర్చోబెట్టరు. హోదా చూసి ఉత్తరం అడక్కండి. మిమ్మల్ని గుర్తుపెట్టుకున్న వాళ్లను అడగండి, వాళ్లు ఏ పాలిటెక్నిక్‌లో ఉన్నా సరే. సెప్టెంబరులోనే అడగండి, నాలాగా నవంబరు దాకా ఆగకండి.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఫిబ్రవరి మొదట్లో ఒక ప్రొఫెసరు జూమ్‌లో ముప్పావుగంట మాట్లాడారు, బాగా జరిగింది. అదే నెల 7న అమెరికా ప్రభుత్వం పరిశోధన గ్రాంట్లలో యూనివర్సిటీలకిచ్చే పరోక్ష ఖర్చులను (భవనాలు, కరెంటు, ఆఫీసు లాంటి నిర్వహణ ఖర్చులను) 15 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. అది ఆరోగ్య పరిశోధన నిధుల సంగతే అయినా అన్ని విభాగాల్లోనూ కంగారు మొదలైంది. కొన్ని చోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు, కొన్ని చోట్ల ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకున్నారు. మార్చి ఆఖరుకి నాకు నాలుగు రిజెక్టులు, ఒకదాన్నుంచి ఏ కబురూ లేదు, ఒకటి ఫండింగ్ లేకుండా అడ్మిట్, ఇంటర్వ్యూ చేసిన చోట వెయిట్‌లిస్ట్. ఫండింగ్ లేని అడ్మిట్‌కి వద్దని రాసేశాను. ఇంట్లో వాళ్లు పొలం తనఖా పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు.

వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లు ఏప్రిల్ 15 తేదీ గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్న నియమం ప్రకారం, ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కి ఆ తేదీకి ముందే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదు. రెండు మూడు ఆఫర్లున్నవాళ్లు ఆఖరు రోజు దాకా పట్టుకుని కూర్చుంటారు. వాళ్లు వదిలితేనే మనకి. ఈ సంగతి తెలిశాక మార్చిలో నా టెన్షన్ సగం తగ్గింది. రోజుకి ఇరవైసార్లు పోర్టల్ తెరవడం మానేసి, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చూసేదాన్ని. మిగతా టైమ్‌లో నాన్నగారితో దాళ్వా కోతలకి వెళ్లాను. 15న రాలేదు. 16న రాలేదు. 17 రాత్రి పదకొండింటికి మెయిల్ వచ్చింది. ట్యూషన్ మాఫీ, టీచింగ్ అసిస్టెంటుగా స్టైపెండ్. నాన్నగారిని నిద్ర లేపి చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, "మన మురుగు కాలవల గురించే కదా?" అని అడిగారు.

వీసాకి కావలసిన యూనివర్సిటీ పత్రం ఐ-20 మేలో వచ్చింది. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 కట్టి స్లాటు కోసం చూస్తుంటే, మే 27న విద్యార్థి వీసాలకి కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేశారని వార్త. జూన్ 18 దాకా అంతే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టాలన్నారు, పెట్టేశాను. అమ్మ చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. తెల్లవారుజామున లేచి లేచి జులైలో స్లాటు పట్టాను. వేలిముద్రలు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. మూడు ప్రశ్నలు, రెండు నిమిషాలు. చిలుకూరులో 108 ప్రదక్షిణల మొక్కు ఈ ఆదివారం తీర్చుకోవాలి. దానికి ముందు శనివారం పాలిటెక్నిక్‌కి వెళ్లి హైడ్రాలిక్స్ సార్‌ని కలవాలి.

ఈ రోజు పొద్దున్న మా కాలేజీ నుంచి ఫోనొచ్చింది. అదే క్లర్కు గారు. ఈసారి నా పేరు సరిగ్గానే పలికారు. అమెరికాలో పీహెచ్‌డీ సీటు సాధించిన మా విద్యార్థిని అని గేటు దగ్గర ఫ్లెక్సీ కడుతున్నారట. అడ్మిషన్ల సీజన్ కదా. హెచ్‌వోడీ గారి ఫొటో పక్కన నాది వేస్తారట, మంచి ఫొటో వాట్సాప్ చేయమన్నారు. పంపనండి అని చెప్పాను. మధ్యాహ్నం మళ్లీ చేశారు. మళ్లీ అదే చెప్పాను.